బెర్లిను చదువు – జామియా బడి
డాక్టర్ జాకీర్ హుస్సేన్ విద్యార్థి జీవితము

విద్య కొరకు ఊరు విడిచి దేశము దాటుట మనవారు ఎరుగని సంగతి కాదు. ఒకప్పుడు పరదేశముల వారే మన విద్యాపీఠములను వెదకికొని వచ్చినారు. ఏడవ శతాబ్దమున చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ నలందలో చదివి, గ్రంథములను మోయించుకొని స్వదేశమునకు మరలిపోయి, మిగిలిన బ్రతుకునంతయు వాటి అనువాదమునకు ధారపోసినాడు. విదేశ విద్యకు నిజమైన పరీక్ష పట్టా చేతికి వచ్చిన నాటితో ముగియదు. విద్యార్థి ఇల్లు చేరిన నాడు మొదలగును. అక్కడ నేర్చినది ఇక్కడ ఎవరికి పంచినాడు, దానికై ఏమి వదలుకొన్నాడు అనునవే ఆ పరీక్షలోని ప్రశ్నలు. ఇరవయ్యవ శతాబ్దమున ఆ ప్రశ్నలకు తన జీవితముతోనే సమాధానము వ్రాసినవారిలో డాక్టర్ జాకీర్ హుస్సేన్ ఒకరు. ఆయనను రాష్ట్రపతిగా ఎరిగినవారు అనేకులు. బెర్లిను నగరమున విద్యార్థిగా గడపిన సుమారు నాలుగు సంవత్సరములను, వాటి ఫలమును ఎరిగినవారు తక్కువ.

హైదరాబాదు నుండి అలీగఢ్‌కు

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించినారు. వారిది ఉత్తర హిందూస్థానమున ఫరూఖాబాదు జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడిన పఠాను కుటుంబము. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ న్యాయవాద వృత్తికై నిజాము రాజధానికి వచ్చి, స్వల్పకాలములోనే పేరును ధనమును గడించినారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకీర్ మూడవవారు. ఆయనకు పదేండ్లు నిండినవో లేదో, 1907లో తండ్రి మరణించినారు. కుటుంబము కాయంగంజ్‌కు మరలిపోయినది. ఆ విధముగా హైదరాబాదుతో ఆయనకు గల బంధము బాల్యముతోనే తెగిపోయినది. అయినను తరువాతి కాలమున ఆయన తమ్ముడు, చరిత్రకారుడు యూసఫ్ హుస్సేన్, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడై ఆ బంధమును మరల కలిపినారు.

ఇటావా పట్టణములోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో, వసతిగృహమున ఉండి, జాకీర్ చదువుకొన్నారు. అచ్చటి ప్రధానోపాధ్యాయుడు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ నిరాడంబరుడు, నియమపాలకుడు. ఉపాధ్యాయుడు చెప్పు పాఠము కంటె అతని నడవడియే విద్యార్థిపై ఎక్కువ ముద్ర వేయునను నమ్మకమునకు జాకీర్ మనస్సులో అక్కడనే బీజము పడినది. 1911లో ప్లేగు వ్యాధి కాయంగంజ్‌ను అలముకొన్నది. తల్లిని ఆ మహమ్మారి పొట్టనబెట్టుకొన్నది. పదునాలుగేండ్లకే తల్లిదండ్రులిద్దరిని కోల్పోయిన బాలునికి బడియే ఇల్లయినది.

తరువాత అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియెంటల్ కళాశాలలో చేరి పట్టభద్రులైనారు. చక్కని వక్త, చమత్కారి, తోటివారికి ఇష్టుడు. ఆర్థికశాస్త్రమున ఎం.ఏ. చదువుచు, అదే కళాశాలలో పాఠములు కూడ చెప్పుచుండిన కాలమున, 1920లో, సహాయనిరాకరణోద్యమము దేశమును కదలించినది. ఆ అక్టోబరులో గాంధీజీ అలీ సోదరులతో కలసి అలీగఢ్‌కు వచ్చి, ప్రభుత్వ ధనముతో నడుచు విద్యాలయములను విడువుమని విద్యార్థులను కోరినారు. విడిచినవారు ఎచ్చట చదువవలెనను ప్రశ్న వెంటనే పుట్టినది. బహిష్కారము మాత్రమే చాలదు, దాని స్థానమున నిలువదగిన జాతీయ విద్యాలయము కావలెనని పట్టుబట్టినవారిలో జాకీర్ ముఖ్యులు. 1920 అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టినది. దానికి గోడలు లేవు, డేరాలలోనే తరగతులు. హకీమ్ అజ్మల్ ఖాన్ దానికి కులపతి, మౌలానా మహమ్మదలీ ఉపకులపతి. ఇరువది మూడేండ్ల జాకీర్ రాబోవు ఉద్యోగపు ఆశలను విడిచి ఆ డేరాలలోనికి నడచినారు. రెండేండ్లు అచ్చట పాఠములు చెప్పి, 1922లో ఉన్నత విద్యకై జర్మనీకి ప్రయాణమైనారు.

కాగితపు మార్కుల నగరము

ఆనాడు విదేశ విద్య అనగా మనవారికి ఇంగ్లండు చదువే. సివిల్ సర్వీసుకో బారిష్టరు పరీక్షకో ఓడ ఎక్కుట సంపన్న కుటుంబముల వాడుక. ఆంగ్ల ప్రభుత్వపు కళాశాలను వదలిన యువకుడు ఆంగ్లేయుల పట్టాకై లండనుకు పోవుట పొసగదు. జర్మనీ విశ్వవిద్యాలయములు శాస్త్రమునకు పరిశోధనకు ప్రపంచ ప్రసిద్ధములు. పైగా జర్మనీ అప్పుడు ఓడిపోయిన దేశము. తాను పాలించు ప్రజలలో నొకనిగా గాక, కేవలము ఒక విదేశీయ విద్యార్థిగా భారతీయుని చూచు దేశము. ఈ భేదము చిన్నది కాదు.

అయితే జాకీర్ అడుగుపెట్టిన బెర్లిను ప్రశాంత విద్యానగరము కాదు. యుద్ధానంతరము చక్రవర్తి పారిపోయి, కొత్త గణతంత్రము తడబడు అడుగులు వేయుచుండిన కాలమది. 1922 జూనులో విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనౌను నడివీథిలో కాల్చి చంపినారు. 1923 జనవరిలో ఫ్రెంచి సైన్యములు రూర్ పారిశ్రామిక ప్రాంతమును ఆక్రమించినవి. జర్మను ప్రభుత్వము అంతులేకుండ నోట్లు అచ్చువేసినది. యుద్ధమునకు పూర్వము ఒక అమెరికా డాలరుకు 4 మార్కుల పైచిల్లర. 1923 నవంబరు నాటికి అదే డాలరుకు సుమారు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు! జీతము అందిన గంటలోనే ఆ డబ్బుతో ఏదో ఒక వస్తువు కొననిచో సాయంకాలమునకు అది చిత్తుకాగితమగును. జీవితకాలమంతయు కూడబెట్టుకొన్న సొమ్ము ఒక రొట్టె ముక్కకు చాలక వృద్ధ ఆచార్యులు, ఉద్యోగులు దిక్కుతోచక నిలిచినారు.

ఈ విపత్తు విదేశీయ విద్యార్థులకు విచిత్రమైన భాగ్యము తెచ్చిపెట్టినది. చేత కొద్దిపాటి పౌనులున్న పరదేశి ఆ నగరమున ప్రభువువలె బ్రతుకగలిగినాడు. నాటకశాలలు, సంగీతసభలు, మంచి భోజనశాలలు అతనికి కారుచౌక. అతనికి గది అద్దెకిచ్చిన గృహిణి మాత్రము ఇంటిలోని వెండి గిన్నెలను ఒకటొకటిగా అమ్ముకొనుచుండెడిది. 1923 నవంబరులో ‘రెంటెన్ మార్క్’ అను కొత్త నాణెము వచ్చి, లక్ష కోట్ల పాత మార్కులు ఒక కొత్త మార్కుకు సమానమైన పిదప ఆ చౌకబేరములు ముగిసినవి. విదేశీయులకు రోజులు కఠినమైనవి. ఆర్థికశాస్త్రము చదువవచ్చిన యువకునికి ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు. ధనమనునది రాజ్యముపై ప్రజల నమ్మకమే తప్ప వేరు కాదని, ఆ నమ్మకము చెడినచో ఎంతటి నాగరిక సమాజమైనను కుంగిపోవునని బెర్లిను వీథులు పుస్తకముల కంటె స్పష్టముగ బోధించినవి.

విశ్వవిద్యాలయములో

1810లో విల్‌హెల్మ్ ఫాన్ హంబోల్ట్ ప్రణాళికపై వెలసిన బెర్లిను విశ్వవిద్యాలయము నేడు హంబోల్ట్ పేరనే నడచుచున్నది. బోధనయు పరిశోధనయు వేరు కారాదనునది దాని మూలసూత్రము. మన కళాశాలలకు దానికి గల తేడా మొదటి నాడే కొత్త విద్యార్థికి తెలియును. నిర్ణీత పాఠ్యపుస్తకము లేదు. ఏటేటి పరీక్షలు లేవు. ఏ ఆచార్యుని ఉపన్యాసమునకు పోవలెనో, ఎన్ని అర్ధసంవత్సరములు చదువవలెనో చాలవరకు విద్యార్థి ఇష్టము. ఈ స్వేచ్ఛ సోమరిని ముంచును, శ్రద్ధగలవానిని తేల్చును. ‘సెమినార్’ అను గోష్ఠిలో విద్యార్థి తన వ్యాసమును చదువవలెను. ఆచార్యుడును తోటివారును దానిని ముక్కముక్కలుగా పరీక్షింతురు. కంఠస్థము చేసిన చదువుతో అచ్చట ఒక్క గంటయైనను నిలువలేరు. పైగా సర్వము జర్మను భాషలో. ఆ భాషను పట్టుదలతో నేర్చి, పరిశోధన గ్రంథమును ఆ భాషలోనే వ్రాయుట జాకీర్ సాధించిన మొదటి విజయము.

ఆయనకు ఆచార్యుడుగా లభించినవాడు వెర్నర్ సోంబార్ట్. ధనస్వామ్య వ్యవస్థ ఏ విధముగ పుట్టి పెరిగినదో బృహద్గ్రంథములలో వివరించిన ఆర్థికశాస్త్రవేత్త. యూరప్ అంతట పేరు మోసినవాడు. ఆయన వద్ద జాకీర్ చేపట్టిన విషయము బ్రిటిషు ఇండియాలోని భూవ్యవస్థ. ఈ ఎంపిక గమనింపదగినది. సామ్రాజ్య ప్రభుత్వము భూమిశిస్తు వసూలు చేయుటకు బెంగాలున శాశ్వత బందోబస్తు చేసినది. మదరాసు రాజధానిలో రైత్వారీ పద్ధతిని నెలకొల్పినది. ఆ రెండవ పద్ధతి పాతుకొన్న నేలలలో మన రాయలసీమ ఒకటి. సర్కారు జిల్లాల జమీందారీలు మొదటి మాదిరికి చెందినవి. రైతు మెడపైని ఆ కాడి ఎట్టిదో భారతీయుడు ఒక జర్మను విశ్వవిద్యాలయమున, పాలకుల అనుమతి అక్కరలేకుండ, శాస్త్రదృష్టితో పరిశీలించినాడు. కూర్చున్న చోటు బెర్లిను గ్రంథాలయమైనను చూపు మాత్రము స్వదేశపు పొలముల మీదనే. 1926లో ఆ గ్రంథమునకు డాక్టరేటు లభించినది.

తరగతి వెలుపలి చదువు

విదేశమున విద్యార్థికి తరగతి గది సగము బడి మాత్రమే. మిగిలిన సగము మిత్రులు, అచ్చుశాలలు, ఆతిథ్యమిచ్చిన ఇండ్లు. బెర్లినులో జాకీర్‌కు ఇద్దరు ఆప్తమిత్రులు దొరకినారు. ఒకరు సయ్యద్ ఆబిద్ హుస్సేన్. ప్రసిద్ధ విద్యాతత్త్వవేత్త ఎడ్వర్డ్ ష్ప్రాంగర్ శిష్యుడు. రెండవవారు మహమ్మద్ ముజీబ్. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, అచ్చుపని నేర్చుటకు బెర్లిను చేరిన లక్నో యువకుడు. ఈ ముగ్గురి స్నేహము విదేశపు ఒంటరితనమునకు మందుగా మొదలై, ఒక విద్యాసంస్థకు ఆయువుగా పరిణమించినది.

1924లో ఆల్‌ఫ్రెడ్ ఎహ్రెన్‌ట్రైక్ అను జర్మనుతో కలసి జాకీర్ గాంధీజీ సందేశమును జర్మను పాఠకులకు పరిచయము చేయు గ్రంథమును ప్రకటించినారు. అంతటి యుద్ధము చేసి ఓడిన జాతికి ఆయుధము లేని పోరాటమును గురించి చెప్పుట సామాన్య విషయము కాదు. విద్యార్థి అక్కడి విద్యను పుచ్చుకొనుటయే గాక తన దేశపు సంపదను వారికి ఇచ్చినాడు.

ఇంకొక ముచ్చట కలదు. ఇరాను దేశస్థులు బెర్లినులో నెలకొల్పిన కావ్యానీ ముద్రణాలయమున పారశీక గ్రంథములు అచ్చగుచుండెడివి. జాకీర్‌కు ప్రాణప్రదమైన ఉర్దూ కవి గాలిబ్. ఆ మహాకవి దీవానును అందముగా, జేబులో ఇమడునట్లు, అచ్చువేయింపవలెనని ఆయనకు కోరిక కలిగినది. పనివారి కొరత ఏర్పడగా ఆయనయే అక్షరముల పెట్టె ముందు నిలిచి, సీసపు అక్షరములను ఏరి కూర్చి, కొన్ని పుటలను స్వయముగా సిద్ధము చేసినారు. 1925లో వెలువడిన ఆ చిన్న పుస్తకము ఉర్దూ ముద్రణ చరిత్రలో ఒక అందమైన వస్తువుగా నిలిచినది. డాక్టరేటుకై పాటుపడు విద్యార్థి చేతులకు సిరా మసి అంటించుకొనుట నాటి మన చదువరులకు వింతగ తోచి యుండును. చేతిపని చదువుకు తక్కువ కాదనునది ఆయనకు ఆ అక్షరపేటిక వద్దనే అనుభవమైనది.

అదే నగరమున హైదరాబాదులోనే పుట్టిన మరియొక భారతీయుడు ఉండెడివారు. సరోజినీ నాయుడు సోదరుడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ విప్లవకారుడై, స్వదేశమునకు తిరిగి రాలేక, యూరప్‌లోనే సంచరించి, చివరకు 1937లో సోవియట్ రష్యాలో స్టాలిను కాలపు మరణశిక్షకు గురియైనారు. ఆయన త్యాగమును తక్కువచేయ పనిలేదు. అయినను ఒకే ఊర పుట్టి, ఒకే పరాయి నగరమున తిరిగిన ఈ ఇద్దరి బ్రతుకులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు, తిరిగి రాగలుగుట కూడ ఒక భాగ్యమని, ఆ భాగ్యము బాధ్యతతో కూడినదని తోచకమానదు.

కేర్షెన్‌స్టైనర్ బోధించినది

పట్టా ఆర్థికశాస్త్రమున వచ్చినను, జర్మనీ జాకీర్‌కు ఇచ్చిన అసలు ధనము విద్యాశాస్త్రమునకు చెందినది. జార్జ్ కేర్షెన్‌స్టైనర్ (1854–1932) ఒకప్పుడు పల్లెబడిలో సహాయోపాధ్యాయుడు. 1895 నుండి 1919 వరకు మ్యూనిక్ నగర పాఠశాలల అధికారిగ ఉండి, బడులలో పనిశాలలు, వంటగదులు, తోటలు నెలకొల్పినాడు. ఆయన భావనకు ‘పని పాఠశాల’ అని పేరు.

పిల్లవానిచే ఏదో ఒక పని చేయించినంత మాత్రమున అది విద్య కాదని కేర్షెన్‌స్టైనర్ నొక్కి చెప్పినాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒకటి ప్రసిద్ధము. మన గోరువంకల జాతికి చెందిన ఒక పక్షికి చెక్కగూడు తయారుచేయవలెను. కొలతలు గురువే ఇచ్చి, చెక్కలు కోసియిచ్చి, మేకులు కొట్టుమన్నచో పిల్లవాడు కూలివాడగును. ఆ పక్షి ఎంత, ద్వారము ఎంత ఉండవలెను, ఉన్న చెక్క వృథా కాకుండ ఎట్లు కోయవలెను అని పిల్లవాడే ఆలోచించి, పథకము వేసి, పని ముగిసిన పిదప తన తప్పును తానే కనుగొన్నచో అది విద్యయగును. చెక్కగూడు వంకరగా నున్నచో గురువు కోపపడ పనిలేదు. ఆ గూడే తప్పును చూపును. వస్తువు ముందు అబద్ధము చెల్లదు గనుక, పని మనిషికి సత్యమును నేర్పును.

కేర్షెన్‌స్టైనర్ మరియొక సూత్రము జాకీర్ ఆలోచనలో జీవితాంతము నిలిచినది. ప్రతి పద్యము, శిల్పము, యంత్రము, ఆచారము ఎవరో ఒకరి మనస్సునుండి పుట్టినవే. ఆ మనస్సు పోలికగల బాలుని మనస్సు వానిని తాకినప్పుడే వికసించును. ఒకనికి గణితము తలుపు తెరచును, ఒకనికి వడ్రంగము, ఇంకొకనికి సంగీతము. అందరికి ఒకే తాళపుచెవి ఇచ్చి, తలుపు తెరువలేనివాడు మొద్దని నిందించుట ఉపాధ్యాయుని దోషమే గాని పిల్లవాని దోషము కాదు. పాఠము ఒప్పచెప్పించుకొనుటయే బోధన అని తలచు దేశమునకు ఈ మాట ఎంత అవసరమో జాకీర్ గుర్తించినారు.

తంతి, తిరుగు ప్రయాణము

బెర్లినులో ఈ విద్య సాగుచుండగా స్వదేశమున జామియా దీపము కొడిగట్టినది. ఖిలాఫతు ఉద్యమము చల్లారినది. విరాళములు ఆగిపోయినవి. అప్పులు పెరిగినవి. అలీగఢ్ నుండి సంస్థను 1925లో ఢిల్లీ కరోల్‌బాగునకు తరలించినారు. మూసివేయుటయే మేలని కొందరు పెద్దలు తలచినారు. బిచ్చమెత్తియైనను దానిని నిలుపవలెనని గాంధీజీ పట్టుదల. ఈ వార్త బెర్లినుకు చేరినది. ముగ్గురు మిత్రులు ఆలోచించుకొన్నారు. తామును తమ మిత్రులును జామియాకే జీవితము నంకితము చేయ సిద్ధముగ నున్నామని, తాము వచ్చువరకు దానిని మూయవలదని జాకీర్ తంతి పంపినారు. ఆ ఏటనే హకీమ్ అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ యూరప్‌కు రాగా, వియన్నాలో వారిని కలసికొని అదే మాటను ముఖాముఖి దృఢపరచినారు.

ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ముప్పది యేండ్లు నిండని యువకుడు. బెర్లిను డాక్టరేటు, జర్మను భాషా పాండిత్యము, గొప్ప ఆచార్యుని శిష్యరికము. ఆ కాలమున అట్టి వానికి పెద్ద విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి అందని పండు కాదు. ఇంటివద్ద 1915లో పెండ్లాడిన భార్య షాజహాన్ బేగము, పసిబిడ్డ ఆయన రాకకై ఎదురుచూచుచున్నారు. ఎదుట నున్నదేమి? అప్పులలో మునిగిన బడి, పట్టుమని వందమంది లేని విద్యార్థులు, అందునో అందదో తెలియని జీతము. ఆయన ఆ బడినే కోరుకొన్నారు. 1926 ఆరంభమున ముగ్గురు మిత్రులు స్వదేశము చేరినారు. ఇరువది తొమ్మిదేండ్ల జాకీర్ హుస్సేన్ జామియా ఉపకులపతియైనారు. ఆ బాధ్యతను 1948 వరకు, అనగా ఇరువది రెండు సంవత్సరములు, మోసినారు.

పంచిన విద్య

1927 డిసెంబరులో హకీమ్ అజ్మల్ ఖాన్ మరణముతో జామియాకున్న చివరి ఆసరా కూడ పోయినది. అప్పుడు ఉపాధ్యాయులే ఒక సంఘముగా ఏర్పడి, ఇరువదేండ్లు సంస్థను విడువమని, నెలకు 150 రూపాయలకు మించి జీతము కోరమని ప్రతిజ్ఞ చేసినారు. జాకీర్ తీసికొన్నది దానికంటె తక్కువే. ఆ స్వల్పధనమైనను నెలనెల చేతికి వచ్చునను నమ్మకము లేకుండెను.

అంతటి చదువు చదివినవారు ప్రాథమిక తరగతుల పిల్లల వద్ద కూర్చుండుటకు సిగ్గుపడలేదు. పిల్లలే నడపు బాంకు, పిల్లలే నడపు దుకాణము జామియా బడిలో వెలసినవి. లెక్కలు నల్లబల్లపై గాక బేరములలో నేర్చినారు. బూట్లు శుభ్రము చేసికొనుమని ఎన్నిమార్లు చెప్పినను విద్యార్థులు వినకపోగా, ఒకనాడు జాకీర్ స్వయముగా రంగుడబ్బీ, బ్రష్షు పట్టుకొని ద్వారము వద్ద నిలిచి వారి బూట్లు తుడువ పూనుకొన్నారని ప్రసిద్ధి. మరునాటినుండి చెప్పవలసిన పని లేకపోయినది.

ఆయన మిత్రులు తలచుకొను ఇంకొక సంగతి కలదు. పిల్లలకు మిఠాయిలు పంచుచున్న వేళ, జబ్బుపడియున్న తన పసికూతురు మరణించినదని ఎవరో వచ్చి చెవిలో చెప్పినారు. ఆయన ముఖమున మార్పు కనబడనీయక చివరి బాలుని వరకు మిఠాయి పంచి, అప్పుడు ఇంటికి నడచినారు. అంతమంది బిడ్డల సంతోషమును తన దుఃఖముతో చెరుప మనసొప్పలేదట. ఆయన తరువాత పిల్లలకై వ్రాసిన కథలకు ఆ బిడ్డ పేరును వాడుకొన్నారు.

బెర్లినులో పరిచయమైన గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అను యూదు వనిత, ఆ మిత్రుల మాటలలో విన్న జామియాను వెదకికొని 1930ల తొలినాళ్ళలో భారతదేశము వచ్చినది. అచ్చటి శిశుతరగతులకు, వసతిగృహపు పిల్లలకు ‘ఆపాజాన్’ అయినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మను జాతీయురాలను కారణమున ప్రభుత్వము ఆమెను నిర్బంధించినది. హిట్లరు ఏలుబడిలో యూదులకు జర్మనీలో చోటు లేదు; ఇక్కడ ఆమె జర్మను గనుక శత్రువు. 1943లో ఆమె మరణించినది; జామియా శ్మశానవాటికలోనే సమాధి. ఒక విద్యార్థి విదేశమున సంపాదించిన స్నేహము ఇంతవరకు ఫలించుట అరుదు.

1937 అక్టోబరులో వార్ధా సమావేశమున గాంధీజీ తన విద్యాపథకమును ముందుంచినారు. బడిలో చేతివృత్తియే కేంద్రము, పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకముతో బడి తన ఖర్చు తానే భరించవలెను. జాకీర్ వృత్తి మూలమైన విద్యను సమర్థించినారు. కాని రాబడిపైననే దృష్టి నిలిచినచో ఉపాధ్యాయుడు పిల్లలచే వెట్టిచాకిరి చేయించు మేస్త్రి కాగలడని నిర్భయముగ హెచ్చరించినారు. చెక్కగూడు పాఠమును మరువని శిష్యుడు మహాత్ముని ఎదుట సైతము దానిని దాచలేదు. అట్లు భిన్నాభిప్రాయము చెప్పినవానినే పథకము తయారుచేయు సంఘమునకు అధ్యక్షునిగా చేయుట ఇరువురి గొప్పతనము.

ఆ పథకమే ‘బేసిక్’ విద్య పేర దేశమంతట వ్యాపించినది. తెలుగు జిల్లాలలోను బేసిక్ పాఠశాలలు, శిక్షణాలయములు వెలసినవి. తకిలి తిప్పిన పాత విద్యార్థులు ఎందరో! అయితే అది ఎక్కువ చోట్ల యాంత్రికమైపోయినది. తకిలి తిరిగినది గాని దానివెంట ఆలోచన తిరుగలేదు. జాకీర్ స్వయముగా తరువాతి కాలమున ఈ వైఫల్యమును కఠినముగ విమర్శించినారు. దోషము సూత్రమున లేదు, సూత్రమును గ్రహింపక పనిని మాత్రము తంతుగా జరిపినవారి యందు కలదు.

చివరి పరీక్ష

1946 నవంబరులో జామియా రజతోత్సవము జరిగినది. మతవిద్వేషము దేశమును కాల్చుచుండిన ఆ సమయమున నెహ్రూను, జిన్నాను ఒకే వేదికపై కూర్చుండబెట్టి, ఈ మంటలో పసిమొక్కలను పెంచుట ఉపాధ్యాయులకు సాధ్యము కాదు, దీనిని ఆర్పుడని జాకీర్ వేడుకొన్నారు. మంట ఆరలేదు. మరుసటి ఏడు ఆగస్టులో రైలు ప్రయాణమున జలంధరు స్టేషనులో ఆయనయే ప్రాణాపాయమున చిక్కినారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైలు ఉద్యోగి రక్షించినారు. సొంత తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్థానును ఎంచుకొనగా, ఆయన ఇచ్చటనే నిలిచినారు.

ఆపైని జీవితము అందరు ఎరిగినదే. 1948 నుండి 1956 వరకు అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపకులపతి, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో నుండగనే కన్నుమూసినారు. ఆయన సమాధి జామియా ఆవరణమున నున్నది. డేరాలలో పుట్టి, మూతపడబోయి నిలిచిన ఆ బడి 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది.

నేడు మన తెలుగు నాట నుండి వేలకొలది విద్యార్థులు జర్మనీ నగరములకు పోవుచున్నారు. అందరు తిరిగిరావలెనని శాసించుట న్యాయము కాదు. ఎవరి పరిస్థితులు వారివి. కాని చదువు ఎక్కడిదైనను దానికి ఒక ఋణమున్నదని జాకీర్ హుస్సేన్ జీవితము తెలుపుచున్నది. ఆ ఋణము పెద్ద పదవులలో తీరునది కాదు. బెర్లిను డాక్టరేటు పొందినవాడు రంగుడబ్బీ పట్టుకొని పిల్లల బూట్ల ముందు కూర్చున్నప్పుడు ఆ ఋణములో ఒక భాగము తీరినది. పల్లెబడిలో నేడు పలక పట్టిన బాలునికి ఏ తాళపుచెవి తగునో వెదకు ఉపాధ్యాయుడు, బెర్లిను చూడకపోయినను, ఆ ఋణములో మిగిలిన భాగమును తీర్చుచునే యున్నాడు.